ఒక్క పగటి నడక: ఉగ్రస్తంభం దాకా



కోయిలకుంట్ల వాళ్ళకు తూర్పు అంటే నల్లమలే. శనగ చేలోనో పత్తి చేలోనో పని చేసుకుంటూ నడుమెత్తి చూస్తే, నల్లరేగడి అయిపోయిన చోట నీలంగా ఒక బారు కనపడుతుంది. వాన దిగేముందు అది దగ్గరికి వచ్చినట్టుంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఉందో లేదో కూడా తెలియదు. 1846లో ఈ ఊరి ఖజానా మీద పడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి, ఆయన వెంట నడిచిన వాళ్ళకు ఆ కొండలు తలదాచుకునే చోటయ్యాయి. మిగతా జనానికి అవి దేవుడుండే కొండలు. మన పల్లెల్లో ఓబులేసు, ఓబుల్ రెడ్డి, ఓబులమ్మ అనే పేర్లు వినపడని వీధి ఉండదు. ఆ పేర్లన్నీ అహోబిలం నరసింహస్వామివే.

ఈ పొద్దు ఆ కొండల్లో ఒక శిఖరానికి ఒక్క పగటిలో ఎక్కి దిగే దారి గురించి మాట్లాడతాను. ఎగువ అహోబిలం నుంచి ఉగ్రస్తంభం దాకా పోయే కాలిదారి అది.

మనవాళ్ళు అహోబిలం పోరని కాదు. మొక్కు ఉంటే పోతారు, పెళ్ళి కుదిరితే పోతారు, బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించడానికి పోతారు. ఆళ్ళగడ్డ మీదుగా దిగువ అహోబిలం, అక్కడినుంచి ఎనిమిది కిలోమీటర్లు పోతే ఎగువ అహోబిలం, రెండు దర్శనాలు, కాస్త పులిహోర, చీకటి పడకముందే ఇల్లు. కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళు జ్వాలా నరసింహస్వామి గుడి దాకా పోతారు. ఆ పైన ఉగ్రస్తంభానికి పోయేవాళ్ళు తక్కువ. పోయినవాళ్ళలో కూడా చాలామంది జెండా దగ్గర ఫోటో దిగి, గస పెట్టుకుంటూ దిగి వస్తారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ నడక ఒక పెద్ద దారిలో ఒక పగటి భాగం. అది మనసులో పెట్టుకుని నడిచినవాళ్ళకు దారిలో కనపడేవి వేరే ఉంటాయి.

ఏమిటా పెద్ద దారి? ఏనుగుల వీరాస్వామయ్య గారి పేరు మీలో చాలామంది విని ఉంటారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న మద్రాసులో బయలుదేరి కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. పదిహేను నెలల ప్రయాణం. ఏ రోజు ఎక్కడ దిగాడో, నీళ్ళు దొరికాయో లేదో, దారి రాళ్ళదో ఇసుకదో అన్నీ రాసుకుంటూ పోయాడు. ఆ రాత 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయింది. తిరుపతి, కడప దాటాక ఆయన మన వైపే వచ్చాడు. అహోబిలం చూశాడు, అక్కడినుంచి కొండల అంచు వెంబడి మహానంది పోయాడు, ఆత్మకూరు చేరి అడవిలోకి దిగి శ్రీశైలం పోయాడు. ఆయన కనిపెట్టిన దారి కాదు అది. ఆయనకు ముందు ఎన్నో తరాల జనం నడిచి నడిచి వేసిన దారి. నల్లమలను ఆదిశేషుడనీ, పడగ తిరుమల అనీ, నడుము అహోబిలం అనీ, తోక శ్రీశైలం అనీ పెద్దవాళ్ళు చెప్పే మాట కూడా ఆ దారి నడిచిన వాళ్ళ నోటినుంచే వచ్చి ఉంటుందని నా నమ్మకం. బస్సులో పోయేవాడికి ఆ మూడు క్షేత్రాలు మూడు ఊళ్ళు. నడిచేవాడికి అది ఒకటే కొండ.

ఆ దారిలో ఒక కొస ఇప్పటికీ బతికే ఉంది. ఉగాదికి ముందు రాయచూరు, బాగలకోట, విజయపుర, బెళగావి వైపుల నుంచి కన్నడ భక్తులు వేలకు వేలు కాలినడకన మన జిల్లాల మీదుగా శ్రీశైలం పోవడం మీరు చూసే ఉంటారు. అక్కడి అమ్మవారు భ్రమరాంబ వాళ్ళ ఇంటి ఆడబిడ్డ. చీర, పసుపు కుంకుమ తీసుకుపోతారు. ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి అడవిలోకి దిగి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం ఎక్కుతారు. అటు ఆ దారికీ ఇటు అహోబిలానికీ మెట్లు కట్టించిన రాజు ఒకడే, అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి. పద్నాలుగో శతాబ్దపు మాట ఇది. ఆయన ఆస్థానంలోనే ఉండిన ఎఱ్ఱాప్రగడ నృసింహపురాణం రాశాడు. రాజులు గుళ్ళు కట్టించడం మామూలే. నడిచేవాళ్ళ కాళ్ళను తలచుకుని మెట్లు కట్టించిన రాజు అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

అమెరికాలో అపలాచియన్ ట్రెయిల్ అని ఒక నడకదారి ఉంది. బెంటన్ మెకై అనే ఆయన 1921లో దాని ఊహ బయటపెట్టాడు, 1937కి దారి పూర్తయింది. సుమారు 3,500 కిలోమీటర్లు, పద్నాలుగు రాష్ట్రాలు. దాన్ని కొసాకొసా నడవాలంటే నెలలు పడుతుంది, ఆ పని చేయగలిగేవాళ్ళు కొందరే. మిగతావాళ్ళు ఆదివారం పూట సద్ది కట్టుకుని వచ్చి, దారిలో ఒక ముక్క పట్టుకుని, ఒక శిఖరం ఎక్కి, సాయంత్రానికి ఇంటికి పోతారు. అయినా తాము ఆ పెద్ద దారి మీద నడిచామనే చెప్పుకుంటారు. అందులో నాకు నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. పడిపోయిన చెట్లు తీయడం, కోసుకుపోయిన చోట రాళ్ళు పేర్చడం, గుర్తులు వేయడం చాలావరకు ఆ చుట్టుపక్కల జనమే కూలి తీసుకోకుండా చేస్తారు. మన దారికి అట్లాంటి సంఘాలు లేవు. మన దారిని కాచేవాళ్ళు ఈ అడవిలో ఉండే చెంచులు. వాళ్ళ సంగతి కాసేపట్లో చెప్తాను.

ముందు నడక.

తెల్లవారేసరికి ఎగువ అహోబిలం గుడి దగ్గర ఉండాలి. గుడి పక్కనే భవనాశి ఏరు. దాని ఒడ్డునే బయలుదేరుతాం. దుకాణాల దగ్గర వెదురు ఊతకర్రలు బాడుగకు ఇస్తారు. వయసులో ఉన్నవాళ్ళు నాకెందుకని నవ్వుతారు గానీ, తీసుకోండి. ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడు మోకాళ్ళకు అది అవసరం. కోతులున్నాయి, చేతిలో సంచీ కనపడితే వదలవు. అన్నీ వీపు మీది సంచీలోనే ఉండాలి.

మొదట బండరాళ్ళ మీద, ఏటి పక్కన నడక. క్రోడ నరసింహస్వామి, అంటే వరాహస్వామి గుడి వస్తుంది. అక్కడి నుంచి లోయ ఇరుకవుతుంది, రెండు పక్కలా గోడల్లాగా కొండ లేస్తుంది, దారి చిన్న వంతెనలు దాటి మెట్లెక్కుతుంది. ఎగువ గుడి నుంచి జ్వాలా నరసింహం దాకా నాలుగు కిలోమీటర్లంటారు. నడవలేని పెద్దవాళ్ళను డోలీలో మోసుకుపోయే వాళ్ళు ఈ దారిలో ఎదురవుతారు. వాళ్ళు వస్తుంటే కొండ వైపుకు ఒదిగి దారి ఇవ్వాలి. లోయ వైపుకు ఒదగకూడదు. మనిషి బరువు భుజం మీద పెట్టుకుని ఆ మెట్ల మీద కాలు తడబడకుండా పోయే వాళ్ళను చూస్తే, ఆ దారి వాళ్ళ అరికాళ్ళకు ఎంత తెలుసో అర్థమవుతుంది.

ఇక్కడ ఒకచోట ఆగమని మిమ్మల్ని అడుగుతాను. దారి పక్కన పలకలుగా ఉన్న రాతిని ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూడండి. రాతి మీద అలల గీతలు ఉంటాయి, వరసగా, వేలికి తగిలేటట్టు. కుందూ నది ఒడ్డున నీళ్ళు తీసిన తరువాత ఇసుకలో మిగిలే గీతలు ఎట్లా ఉంటాయో అచ్చం అట్లాగే. అవీ నీళ్ళు గీసినవే. ఆ రాయి ఒకప్పుడు సముద్రపు ఒడ్డు ఇసుక. గట్టిపడి, ఇంకా గట్టిపడి, ఇప్పుడు సుత్తితో కొడితే నిప్పురవ్వలు రాలే రాయి అయింది. భూగర్భశాస్త్రజ్ఞులు దాన్ని క్వార్ట్‌జైట్ అంటారు. వయసు వంద కోట్ల ఏళ్ళకు పైమాటే. ఆ కాలంలో భూమి మీద చెట్టు లేదు, చేమ లేదు, నడిచే జీవం ఏదీ లేదు. ఆ ఒడ్డున అల వచ్చి పోయిన గుర్తు మాత్రం మన వేలి కింద ఉంది.

ఈ సంగతిలో కోయిలకుంట్లకు కూడా వాటా ఉంది. 1872లో విలియం కింగ్ అనే ఆయన కడప, కర్నూలు రాళ్ళ మీద ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ అచ్చువేసింది. అందులో మన కుందూ మైదానపు రాళ్ళకు మన ఊళ్ళ పేర్లే పెట్టాడు. బనగానపల్లె, పాణ్యం, నంద్యాల పేర్లతో పాటు కోయిలకుంట్ల సున్నపురాయి అని కూడా ఒకటుంది. ఈ పొద్దుకీ ప్రపంచంలో ఎక్కడ ఈ రాళ్ళ గురించి రాసినా ఆ పేరు వాడాల్సిందే. అయితే అసలు విచిత్రం వేరే. కింద మైదానంలో ఉన్న మన సున్నపురాయి వయసులో చిన్నది, పైన కొండ మీది రాయి పెద్దది. మామూలుగా పాతది అడుగున, కొత్తది పైన ఉండాలి. ఇక్కడ తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి, చాపను ఒక పక్కనుంచి నెడితే ముడతలు పడి పైకి లేచినట్టు, నల్లమల మొత్తం మడతలు పడి, పడమరకు జరిగి, తనకంటే చిన్నదాని మీదికి ఎక్కింది. ఆ మడతలు లోయ గోడల్లో కంటికి కనపడతాయి. రాతి పొరలు ఒకచోట అడ్డంగా, ఒకచోట ఏటవాలుగా, ఇంకొకచోట విల్లులాగా వంగి ఉంటాయి. అంటే కోయిలకుంట్లలో ఇంటి గడప దాటి ఉగ్రస్తంభం మీదికి పోయినవాడు పైకి ఎక్కుతూ పాతకాలంలోకి పోతున్నాడు. పిల్లలను వెంట తీసుకుపోతే ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పండి. బడిలో చదివిన భూగోళం వాళ్ళకు ఆ రోజు గుర్తుండిపోతుంది.

జ్వాలా నరసింహం దగ్గర కొండ పైనుంచి నీళ్ళు పడుతుంటాయి. వానలు బాగా పడిన ఏడు ధారగా, లేని ఏడు చినుకులుగా. రక్తగుండం అక్కడే. స్వామి హిరణ్యకశిపుడిని చీల్చిన తరువాత చేతులు కడుక్కున్న చోటని చెప్తారు. గుహలో స్వామి చాలా చేతులతో ఉంటాడు. దర్శనం చేసుకుని అక్కడే కాసేపు కూర్చోవాలి, సీసాలు నింపుకోవాలి. అక్కడితో మెట్లూ అయిపోతాయి, జనమూ పలచబడతారు.

ఆ పైన దారి అంటే రాళ్ళ మీద గీసిన గుర్తులు, అంతే. ఇక్కడినుంచి చెంచుల మనిషి వెంట లేకుండా పోవద్దు. నా వెంట వచ్చిన ఆయన వయసులో నాకంటే పెద్ద. చెప్పులు కూడా లేవు. రెండు మలుపులు ఎక్కాక ఆయాసం ఆపుకోలేక "అన్నా, ఇంకెంత దూరం?" అని అడిగాను. దూరం చెప్పలేదు ఆయన. "నీళ్ళు ఎంత ఉండాయి సార్?" అని అడిగాడు. సీసా చూపిస్తే, "అయితే చాలు, నిదానంగా పోదాం" అన్నాడు. ఎండలో, రాళ్ళలో నడిచే మనిషికి కిలోమీటర్ల లెక్క ఎందుకూ పనికిరాదు. చేతిలో ఉన్న నీళ్ళే లెక్క.

పోతూ పోతూ చెట్లు చూపించాడు. తపసి చెట్టును చూపించకుండా చెంచులు ఎవరినీ పోనివ్వరేమో. తెల్లటి నున్నని మాను, పైపొర పలచగా కాగితంలాగా లేచి ఊడుతుంటుంది. పిడికెడు మట్టి లేని బండల మీద కూడా నిలబడుతుంది. ఎండాకాలం ఒక్క ఆకు ఉండదు. దాని జిగురు చెంచులకు జీవనాధారం. తేనె, ఉసిరి, కుంకుడు కాయలతో పాటు ఆ జిగురును కూడా గిరిజన సహకార సంస్థ కొంటుంది. మానును ఎక్కడ గాటు పెట్టాలో, ఎంత లోతు పెట్టాలో, ఎప్పుడు దాన్ని వదిలేసి కోలుకోనివ్వాలో ఆయన వేలితో చూపించాడు. లోతుగా నరికితే రెండేళ్ళు డబ్బులొస్తాయి, తరువాత చెట్టు చస్తుంది. ఎర్రచందనం మాను కూడా ఒకటి చూపించాడు గానీ దాని దగ్గర ఆగలేదు.

చివరి ఎక్కుడు కష్టం. రాయి నిట్టనిలువుగా ఉంటుంది, పట్టుకోవడానికి ఇనుప కమ్మీలు బిగించారు. ఎండ ఎక్కిన తరువాత ఆ కమ్మీలు చేతులు కాలుస్తాయి. పొద్దున్నే పొమ్మనడానికి అదీ ఒక కారణం. ఒక్కొక్కరుగా ఎక్కాలి. కింద ఉన్నవాళ్ళు పైవాళ్ళ కాలి కింద నిలబడకూడదు, రాయి జారితే తలమీద పడుతుంది. కొండ రెండుగా చీలి, ఒక చీలిక స్తంభంలాగా విడిగా నిలబడింది. నరసింహస్వామి బయటికి వచ్చిన స్తంభం అదేనని నమ్మకం. పైన స్వామి పాదాలు, ఒక జెండా. నిలబడేంత చోటు తక్కువ, గాలి ఎక్కువ. నలుగురైదుగురు మించి ఒకేసారి ఎక్కకుండా ఉంటే మంచిది.

చూపు మేర నల్లమల వరసలు, ఒకదాని వెనక ఒకటి. గాలి తేటగా ఉంటే కొండల సందున పడమటి మైదానం కొంత కనపడుతుంది. అక్కడ నిలబడి ఉత్తరానికి తిరిగి చూడండి. ఆ వరసల వెంబడే రుద్రవరం, మహానంది, ఆ పైన ఆత్మకూరు అడవి, శ్రీశైలం. వీరాస్వామయ్య గారు కొండ అంచున పోయిన దారి ఆ కిందనే ఉంది. తిరుమంగై ఆళ్వారు తమిళదేశం నుంచి వచ్చి ఈ క్షేత్రం మీద పది పాశురాలు పాడాడు, మనుషులకు చేరరాని చోటని చెప్పాడు. తరువాత కాలంలో కృష్ణదేవరాయలు వచ్చాడు. దిగువ అహోబిలంలో ఆయన జయస్తంభం ఉంది. వీళ్ళందరూ వచ్చింది ఈ కొండల్లోకే, మోటారు బండ్లు లేని కాలంలోనే. ఆ దారి పొడుగునా మళ్ళీ జనం నడవాలని నాకు కోరిక ఉంది. పెద్దపులులున్న అడవి గనుక ఎక్కడపడితే అక్కడ దారి తెరవమనడం న్యాయం కాదు. కానీ కన్నడ భక్తులకు ఉగాదికి వెంకటాపురం దారిలో ఏర్పాట్లు చేసినట్టే, అహోబిలం నుంచి మహానంది దాకా కొండ అంచున ఉన్న ఊళ్ళ మీదుగా, అడవిలోకి పోకుండా, ఏడాదిలో కొన్ని రోజులు నడకదారి పెట్టొచ్చు. చెట్టు నీడ, తాగునీళ్ళు, రాత్రికి సత్రం ఉంటే చాలు. ఊళ్ళు ఉన్నాయి, గుళ్ళు ఉన్నాయి, అన్నం పెట్టే చేతులు మన సీమలో ఎప్పుడూ ఉన్నాయి.

అసలు నడవడం స్వామికే అలవాటు. సంక్రాంతి మరుసటి రోజు కనుమ నాడు అహోబిలంలో పారువేట మొదలవుతుంది. చెంచులు పల్లకీ మీదికి బాణాలు వేసి స్వామిని సాగనంపుతారు. చెంచులక్ష్మిని చేసుకున్నాడు గనుక స్వామి వాళ్ళకు అల్లుడు. అక్కడినుంచి నలభై రోజులకు పైగా స్వామి ముప్పైకి పైగా ఊళ్ళు తిరుగుతాడు. రుద్రవరం, ఆళ్ళగడ్డ, ఉయ్యాలవాడ, చాగలమర్రి వైపు పల్లెలన్నీ ఆ దారిలోవే. తన కల్యాణానికి రమ్మని ఊరూరా స్వయంగా పిలుచుకుపోతాడు. ప్రతి ఊళ్ళో స్వామిని దించడానికి ఒక తెలుపు ఉంటుంది, రాతితో కట్టిన అరుగు. ఆ పల్లకీ ఏ ఊరినుంచి ఏ ఊరికి, ఏ పొలం గట్టు మీదుగా పోవాలో బోయీలకు తాతల కాలం నుంచి తెలుసు. పెద్ద దారి అంటే ఏమిటో ఎవరికైనా తెలుసుకోవాలని ఉంటే, పల్లకీ తమ ఊరికి వచ్చిన రోజు దండం పెట్టుకుని, ఆ బోయీల పక్కన కూర్చుని అడగాలి.

ఇక పోవాలనుకునే వాళ్ళకు నాలుగు మాటలు. మార్గశిరం, పుష్యం ఈ నడకకు మంచి నెలలు. వానాకాలం భవనాశి ఒక్క గంటలో పొంగుతుంది, రాళ్ళు పాచి పడతాయి. చైత్రం దాటితే బండలు కాలుతాయి. అటవీశాఖ వాళ్ళు వద్దన్న రోజు పోవద్దు, వాళ్ళ మాటకు కారణం ఉంటుంది. మనిషికి మూడు లీటర్ల నీళ్ళకు తగ్గకూడదు. జొన్నరొట్టె, బుడ్డల పొడి కట్టుకుంటే చాలు, పాడుకాదు, బరువు లేదు. ప్లాస్టిక్ సంచులు, సీసాలు ఎన్ని పైకి తీసుకుపోతే అన్నీ కిందికి తేవాలి. దుప్పులు, కొండముచ్చులు అవి తిని చస్తున్నాయి. మధ్యాహ్నం లోపు శిఖరం దిగడం మొదలుపెట్టాలి. మాలోల నరసింహస్వామి గుడి, రాతి మీద చెక్కిన ప్రహ్లాద బడి దిగేటప్పుడు చూడొచ్చు, అప్పుడు నీడ ఉంటుంది.

దారి చూపించే చెంచు మనిషితో బేరం ఆడవద్దు. రోజంతా ఆయన మన ప్రాణం చూసుకుంటాడు. మన ఊళ్ళో పొలం పనికి ఇచ్చే కూలికి రెండింతలు ఇచ్చినా తక్కువే. మధ్యాహ్నం సద్ది విప్పినప్పుడు ఆయనకూ ఒక రొట్టె ఎక్కువ ఉండేటట్టు కట్టుకోండి.

కోయిలకుంట్ల నుంచి ముందురోజు సాయంత్రం ఆళ్ళగడ్డ మీదుగా పోయి దిగువ అహోబిలం సత్రంలో పడుకుంటే, తెల్లవారక ముందే ఎగువ అహోబిలం చేరొచ్చు. మనిషిని ఆ సాయంత్రమే మాట్లాడి పెట్టుకోండి. పొద్దున పోయి వెతికితే, వాళ్ళలో చాలామంది అప్పటికే డోలీలు ఎత్తుకుని జ్వాలా నరసింహం దారిలో ఉంటారు.